నల్లరేగడి, పచ్చదనం, సెప్టెంబరు వాన

వానలు వెనకబడ్డ ప్రతి ఏడాదీ మహారాష్ట్రలో తెలంగాణను ఆనుకుని ఉన్న నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్లలో, ధర్మాబాద్‌లో అయినా దెగ్లూర్‌లో అయినా, తెలుగులోనూ మరాఠీలోనూ ఒకే మాట వినబడుతుంది: చెట్లు కొట్టేశారు, అందుకే వానలు పోయాయి. ఆ మాటలో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే 2016 సంవత్సరం అర్థం కాదు. ఆ ఏప్రిల్‌లో పొరుగున ఉన్న లాతూర్ పట్టణానికి మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీళ్లు తెచ్చి పోశారు. వానాకాలం చివరికి వచ్చేసరికి, నాందేడ్, లాతూర్ జిల్లాలున్న అదే మరాఠ్వాడా ప్రాంతంలో వాగులు పొంగి పంటలు నీట మునిగాయి. మధ్యలో గడిచింది ఐదారు నెలలు. ఆ ఐదారు నెలల్లో ఎవరూ అడవి పెంచలేదు, ఉన్న అడవి పోనూ లేదు.

అలాగని, చెట్లకూ వానకూ సంబంధమే లేదు, అంతా సముద్రం దయ అనేవాళ్ల మాట కూడా నిలవదు. నేలకూ ఆకుకూ ఆకాశానికీ మధ్య నడిచే వ్యవహారం రెండు మాటల్లో తేలేది కాదు. ఇన్నేళ్లుగా చదివి, పొలాల మీద చూసి నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. మన వైపు ఒక సంవత్సరంలో ఎంత వాన రావాలో ఎక్కువగా నిర్ణయించేవి సముద్రాలు. వచ్చిన వాన ఏమైపోవాలో నిర్ణయించేవి నేల, దాని మీది పంట, చెట్టు. ఆ రెండో నిర్ణయం అక్కడితో ఆగదు. వేసవి వేడి మీదా, వానాకాలం చివరి వానల మీదా దాని ప్రభావం తిరిగి పడుతుంది. మనుషుల చేతిలో ఉన్నది ఈ రెండో భాగమే. అందుకే దాన్ని విడమరచి చూడాలి.

వాన వచ్చే దారి

జూన్‌లో అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి తన తేమలో చాలా భాగాన్ని సహ్యాద్రి కొండల పడమటి వాలు మీదే కురిపించేస్తుంది. కొండ దాటి సోలాపూర్, ధారాశివ్, లాతూర్ చేరేసరికి గాలిలో తేమ తగ్గిపోయి ఉంటుంది. అందుకే అది వానచాటు ప్రాంతం. మనకు ఇంకో దారి ఉంది. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాలు ఒడిశా తీరం దాటి, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పడమటికి కదులుతాయి. వాటి అంచు తగిలినప్పుడే నాందేడ్ జిల్లాకు రెండు మూడు రోజులు విడవని ముసురు పడుతుంది. తూర్పు కొసన పెన్‌గంగ ఒడ్డున ఉన్న కిన్వట్, మాహూర్ ఆ దారికి దగ్గర కాబట్టి అక్కడ ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురుస్తుంది. కంధార్, ముఖేడ్ దాటి లాతూర్ వైపు పోయేకొద్దీ ఆ లెక్క దిగజారుతుంది.

1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్ తాలూకాలో ఇప్పటికీ టేకు అడవి ఉంది. లాతూర్ జిల్లాలో అడవి నామమాత్రం. చూసినవాళ్లెవరికైనా అడవి ఉన్నచోటే వాన కురుస్తోందని అనిపిస్తుంది. కానీ ఇక్కడ కారణం, ఫలితం చాలావరకు తలకిందులుగా ఉన్నాయి. వాన ఎక్కువ పడేచోట, నాగలి దిగని గుట్టల మీద అడవి మిగిలింది. వాన తక్కువైనా లోతైన రేగడి ఉన్న మైదానాన్ని మనిషి ఎప్పుడో సాగులోకి తెచ్చుకున్నాడు.

శాస్త్రవేత్తలు ఒక ప్రాంతాన్ని అర్ధశుష్కం అనడానికి కేవలం వాన లెక్క చూడరు. ఏడాదిలో పడిన వానను, అక్కడి ఎండకూ గాలికీ ఆవిరి చేయగల శక్తితో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.2కూ 0.5కూ మధ్య ఉంటే అర్ధశుష్కం. దక్కను పీఠభూమి నడుమన ఎండ ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు పైగా నీటిని ఆవిరి చేయగలదు. నాందేడ్ తూర్పు భాగం ఈ 0.5 గీతకు అటూ ఇటూగా ఉంటుంది. పడమటికి నడిచేకొద్దీ గీత లోపలికి పోతాం. మంచి వానలు పడిన ఏడాది కూడా ఆకాశం అడిగినన్ని నీళ్లు నేల ఇవ్వలేదు. నాలుగు నెలలు మిగులు, ఎనిమిది నెలలు లోటు. ఆ ఎనిమిది నెలలు నేల ఎలా గడుపుతుందన్న దగ్గరే మన కథ మొదలవుతుంది.

మట్టిలో దాగిన జలాశయం

మే నెలలో, దున్నకుండా వదిలేసిన రేగడి చేనులో వంగి చూడండి. నెర్రెలు చేయి దూరేంత వెడల్పుగా ఉంటాయి. ఎండిన కంది కట్టె ఒకటి దించితే మోకాలి లోతుకు పోతుంది. పైకి తీస్తే కొసకు మట్టి అంటదు, దుమ్మే రాలుతుంది. గట్టు కోసుకుపోయిన చోట ఈ మట్టి లోపలి పొరలు బయటపడతాయి. అక్కడ మట్టి పెళ్లలు నున్నగా, కొద్దిగా మెరుస్తూ కనిపిస్తాయి. తడిసి ఉబ్బిన పెళ్ల ఒకటి పక్కదానితో రాసుకున్నప్పుడు పడిన నునుపు అది. ప్రతి వానాకాలం ఈ నేల ఉబ్బుతుంది, ప్రతి వేసవి కుంగుతుంది. నేల ఇంతగా కదులుతుంది కాబట్టే మన ఊళ్లలో పునాది సరిగా వేయని గోడలు బీటలు వారుతాయి.

తొలకరి వాన ఈ నెర్రెల గుండా నేరుగా అడుగుకు దిగిపోతుంది. పైన నీళ్లు నిలవవు. నాలుగు వానలు పడ్డాక బంకమట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఆ తర్వాత గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇంకడం కూడా గగనమవుతుంది. జులై చివర్లో ఒక్క గంటలో నలభై మిల్లీమీటర్లు దంచితే అందులో ఎక్కువ భాగం పైమట్టిని కలుపుకొని వాగులోకి, అక్కడి నుంచి మంజీరాలోకి పోతుంది.

అయితే ఒకసారి నిండిన రేగడి అంత తేలిగ్గా నీటిని వదలదు. మీటరు లోతు మట్టి, పంట వేళ్లు అందుకోగల నీటిని 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. దీన్ని మనకు అలవాటైన టీఎంసీల్లో చూద్దాం. నాందేడ్ జిల్లా విస్తీర్ణం సుమారు 10,500 చదరపు కిలోమీటర్లు. అందులో సగం మాత్రమే లోతైన రేగడి అనుకుని, 150 మిల్లీమీటర్లే లెక్కేసినా దాదాపు 28 టీఎంసీలు వస్తుంది. మహారాష్ట్ర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్లాడుకున్న, గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ నిల్వ 2.74 టీఎంసీలు. కోర్టుకు ఎక్కిన నీటికి పది రెట్లు మన కాళ్ల కింద ఉంటుంది, దాని గురించి ఏ సభలోనూ మాట వినబడదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

దాని అడుగున ఉన్నది లావా గడ్డకట్టిన నల్లరాయి. ఆ రాతిలో పగుళ్లలో, మెత్తబడ్డ పొరల్లో తప్ప నీటికి చోటు లేదు. నూటికి రెండు మూడు పాళ్లు దాటడం అరుదు. అందుకే వానాకాలంలో అంచు దాకా నిండిన బావి మార్చికల్లా అడుగంటుతుంది, పక్కన ఇంకో బోరు వేస్తే రెండూ ఎండుతాయి. ఈ ప్రాంతంలో నీటిని దాచుకోగల చోటు మట్టే.

ఆకు చేసే పని

ఇప్పుడు ఆ నీటికి ఏమవుతుందో చూద్దాం. అక్టోబరు మధ్యలో పక్కపక్కనే రెండు చేన్లు ఉన్నాయనుకోండి. ఒకటి కోసేసిన సోయా చేను, రెండోది పూతకొచ్చిన కంది చేను. రెండిటి మీదా ఒకే ఎండ. కంది వేళ్లు మీటరు దాటి లోతుకు దిగి అక్కడి తేమను తోడుతున్నాయి, ఆకులు దాన్ని ఆవిరిగా వదులుతున్నాయి. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి, అదీ మామూలు వేడి కాదు. ఎకరం చేను రోజుకు నాలుగు మిల్లీమీటర్ల నీటిని వదిలితే అది సుమారు 16,000 లీటర్లు. అంత నీటిని ఆవిరి చేయడానికి పట్టే శక్తిని కరెంటు లెక్కలో చెబితే దాదాపు 11,000 యూనిట్లు. ఒక్క ఎకరం, ఒక్క రోజు. ఆ శక్తి అంతా ఆవిరిలో దాగి పైకి పోతుంది, నేలను వేడెక్కించదు.

కోసేసిన చేనులో పై రెండంగుళాల మట్టి ఎండిపోయింది. కింద తేమ ఉన్నా పైకి తెచ్చే వేరు లేదు. వచ్చిన ఎండంతా మట్టిని, మట్టిని ఆనుకున్న గాలిని కాలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఈ మట్టి పైపొరకూ ఆ కంది ఆకుకూ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. చెప్పులు విడిచి రెండు చేన్లలోనూ నిలబడి చూస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది.

చిత్రమేమిటంటే, పంట లేనంత మాత్రాన కింది తేమ భద్రంగా ఉండిపోదు. నేల ఎండి నెర్రెలు విచ్చుకుంటే వాటి గోడల నుంచి లోతు తేమ కూడా గాలికి పోతుంది. పంటకు ఉపయోగపడకుండా, ఆకును చల్లబరచకుండా పోతుంది. మన పెద్దలు కోత తర్వాత కూడా గుంటక తోలి పైమట్టిని గుల్ల చేసేది నెర్రెలను పూడ్చడానికే. ట్రాక్టరు వచ్చాక, ఎద్దులు పోయాక ఆ పని చాలా చోట్ల ఆగిపోయింది. సాగు ఖర్చులు పెరిగిన రోజుల్లో రైతును తప్పుపట్టలేం. కానీ మట్టి లోపలి నిల్వకు అది పెద్ద దెబ్బ.

ఎండిన నేల మీది వేడిగాలి పక్క చేను మీదికి వీచినప్పుడు ఇంకో నష్టం జరుగుతుంది. చుట్టూ బీడు ఉండి మధ్యలో ఒకే ఒక చెరకు తోట ఉంటే, ఆ పొడిగాలి తోట నుంచి మామూలు కంటే ఎక్కువ నీటిని లాగేస్తుంది. నీళ్లు కట్టే రైతు, తన తోట తాగే నీటిలో కొంత పొరుగు బీడు కోసమే పోస్తున్నట్టు లెక్క. చుట్టూ పచ్చగా ఉన్న తోటకు తక్కువ నీరు సరిపోతుంది.

రంగు కథ ఇక్కడ పనికిరాదు

పచ్చదనం పోతే వాన పోతుందన్న వాదానికి శాస్త్రరూపం ఇచ్చినవారిలో జూల్ చార్నీ ముఖ్యుడు. 1975లో ఈ అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతపు కరువును ఇలా వివరించారు. పశువులు మేసి మేసి గడ్డి పోతే లేతరంగు ఇసుక బయటపడుతుంది. అది ఎండను ఎక్కువగా తిప్పికొడుతుంది. నేల గ్రహించే వేడి తగ్గుతుంది, పైనున్న గాలి చల్లబడి కిందికి దిగుతుంది. కిందికి దిగే గాలిలో మబ్బు కట్టదు. వాన తగ్గితే మిగిలిన గడ్డీ చస్తుంది. నేల తిప్పికొట్టే వెలుతురును నూటికి 14 నుంచి 35కు పెంచి ఆయన కంప్యూటర్ నమూనా నడిపితే వాన బాగా తగ్గిపోయింది.

ఈ గొలుసు ఎంత అందంగా ఉందంటే, ప్రపంచంలోని ప్రతి ఎండు ప్రాంతానికీ దాన్ని తొడిగేశారు. కానీ నల్లరేగడి ఇసుక కాదు. ఎండుగడ్డి, కొయ్యకాలు నూటికి ఇరవై పాళ్ల వెలుతురును తిప్పికొడితే, బయటపడ్డ నల్లమట్టి పది పాళ్లకు కాస్త అటూ ఇటూ తిప్పికొడుతుంది, తడిస్తే ఇంకా తక్కువ. అంటే పచ్చదనం పోయినప్పుడు మన నేల ఎండను ఇంకా ఎక్కువ మింగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఈ నేలకు అతికినట్టు సరిపోతుంది. కాబట్టి చార్నీ చెప్పిన గొలుసు మొదటి లంకె దగ్గరే ఇక్కడ తెగుతుంది. మన దగ్గర పచ్చదనం చేసే పని రంగు ద్వారా జరగదు, నీటి ద్వారా జరుగుతుంది. ఏ దేశపు వివరణనైనా మన మట్టి మీద పెట్టి చూసుకోకుండా ఒప్పుకోకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

సాహెల్ విషయంలో కూడా తర్వాత తేలినది కొంచెం వేరు. 1980ల తర్వాత అక్కడ వానలు కొంతవరకు తిరిగి వచ్చాయి. ఆ కరువుకు మూలం సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల్లో వచ్చిన మార్పు అని, గడ్డి పోవడం ఆ కరువును పెంచి పొడిగించిందని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. పచ్చదనానికి ఆ మేరకు బలం ఉంది. పుట్టిన కరువును అది ముదరబెట్టగలదు, లేదా మెత్తబరచగలదు.

తేమ తిరిగి వానగా వస్తుందా

వస్తుంది, కానీ మనం అనుకున్న చేనులోనే పడాలని లేదు. 2004లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన రాండల్ కోస్టర్, మరికొందరు కలిసి డజను వాతావరణ నమూనాలను పక్కపక్కన పెట్టి, నేల తేమ వానను ఎక్కడ గట్టిగా ప్రభావితం చేస్తుందో చూశారు. ప్రపంచపటం మీద ముఖ్యంగా మూడు చోట్లు తేలాయి: ఉత్తర అమెరికా మధ్య మైదానాలు, సాహెల్, భారతదేశం. మూడూ తడికీ పొడికీ మధ్య ఊగే నేలలే. పూర్తి ఎడారిలో ఆవిరి కావడానికి నీరే ఉండదు. ఎప్పుడూ తడిగా ఉండే అడవిలో నేల తేమ కొంచెం మారినా ఆవిరి మారదు. ఈ రెండిటికీ మధ్యనున్న చోటే మట్టిలోని ప్రతి చుక్కకూ లెక్క ఉంటుంది.

2012లో బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ టేలర్ బృందం ఉపగ్రహాల లెక్కలు తీసి వేరే సంగతి చెప్పింది. మధ్యాహ్నం తర్వాత కురిసే ఉరుముల వాన, చుట్టుపక్కల కంటే పొడిగా ఉన్న తావు మీదే ఎక్కువగా మొదలవుతోంది. పొడినేల మీద గాలి ఎక్కువ కాగి వేగంగా పైకి లేస్తుంది. పక్కనున్న తడినేల మీది తేమగాలి దానిలోకి చేరుతుంది. మబ్బు కట్టాలంటే రెండూ ఉండాలి. నేల తడిగా ఉంటే వాన అక్కడే పడుతుందని అనుకునేవాళ్లకు ఇది ఇబ్బంది పెట్టే ఫలితం. నాకు మాత్రం ఇది కోస్టర్ చెప్పినదానికి విరుద్ధంగా కనబడదు. విశాలమైన ప్రాంతం మొత్తానికి తేమ అందించేది పచ్చదనం. అందులో ఏ ఊరి మీద ఉరుము ఉరమాలో తేల్చేది ఊళ్ల మధ్య తడిపొడి తేడా. కాబట్టి ఒక ఊరి గట్ల మీద వెయ్యి మొక్కలు నాటి, ఆ ఊరికే వాన రావాలని ఎదురుచూడటంలో అర్థం లేదు.

కాలం లెక్క కూడా ముఖ్యం. జూన్, జులైలో పడే వానకు తేమ దాదాపు అంతా సముద్రానిదే. అప్పటికి నేల ఇంకా తడవలేదు, ఆకు ఇంకా విచ్చలేదు. ఆగస్టు చివరికీ సెప్టెంబరుకూ వచ్చేసరికి దేశమంతా పచ్చబడి, నేల నుంచి లేచిన తేమ వానలో గణనీయమైన వాటా తీసుకుంటుంది. గంగా మైదానంలోనూ ఈశాన్యంలోనూ ఆ వాటా వానాకాలం చివర్లో నాలుగో వంతు దాకా ఉంటుందని బొంబాయి ఐఐటీ పరిశోధకులు 2014లో లెక్కగట్టారు. అదే సంస్థవాళ్లు 2023లో నదుల అనుసంధానం మీద మరో హెచ్చరిక చేశారు. నీటిని ఒక పరీవాహక ప్రాంతం నుంచి మరొకదానికి మళ్లిస్తే నేల తేమ, గాలి తేమ మారి, ఇప్పటికే నీటి ఎద్దడి ఉన్న కొన్ని ప్రాంతాల్లో సెప్టెంబరు వాన 12 శాతం దాకా తగ్గవచ్చన్నది దాని సారం.

సెప్టెంబరు మనకు అన్ని నెలల్లాంటిది కాదు. సోయా కాయ గింజ పట్టేది అప్పుడే. పత్తి కాయ నిండేదీ అప్పుడే. యాసంగి జొన్నకు, శనగకు మట్టిలో పదును మిగలాలంటే ఉత్తర కార్తె వానే దిక్కు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తరలో వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలాల్సిందే అని. ఏడాది మొత్తం వానలో పది శాతం తగ్గినా తట్టుకోగల రైతు, ఆ పది శాతం సెప్టెంబరులోనే తగ్గితే కుప్పకూలుతాడు.

బంగాళాఖాతపు అల్పపీడనాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అవి భూమి మీదికి వచ్చాక సముద్రపు తేమ అందక బలహీనపడతాయి. కానీ దారిలో నేల ముందే తడిసి ఉంటే, ఆ నేల నుంచి లేచే ఆవిరి వాటికి ఊపిరి పోస్తుంది. తడినేల మీద అవి ఇంకా లోపలికి ప్రయాణిస్తాయని 2013లో వాతావరణ పరిశోధకులు కిష్టావాల్ తదితరులు చూపారు. ఈ లెక్కన ఛత్తీస్‌గఢ్ అడవులు, గడ్చిరోలి అడవులు, విదర్భ పొలాల తడి మన సెప్టెంబరు వానలో భాగస్వాములు. మన కిన్వట్ తడి లాతూర్ వానకు భాగస్వామి. చెట్లకూ వానకూ ఉన్న సంబంధం ఊరి హద్దుల్లో కనబడకపోవడానికి కారణం అది ఇంత దూరాల మీద నడుస్తుండటమే.

వీటన్నిటి పైన సముద్రం ఉంది. పశ్చిమ హిందూ మహాసముద్రం వేడెక్కి భూమికీ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గడం మధ్య భారతపు వానలను బలహీనపరిచిందని వాతావరణ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ 2015లో చూపారు. 1950–2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుండపోతలు మూడింతలయ్యాయని 2017లో ఆయన బృందమే లెక్క తేల్చింది. మొత్తం తగ్గుతూ, పడితే ఒక్కసారిగా పడే వానలివి. నెర్రెలు మూసుకున్న రేగడికి ఇంతకంటే ఇబ్బందికరమైన వాన లేదు.

పచ్చదనాన్ని నెలల్లో కొలవాలి

ఇక మన వంతు. ఈ ముప్ఫై ఏళ్లలో నాందేడ్, లాతూర్, యవత్మాల్ జిల్లాల్లో పొలాల ముఖం మార్చేసిన పంట సోయా. 1990లలో వచ్చిన జేఎస్ 335 రకం వంద రోజుల్లో చేతికొస్తుంది, నూనె మిల్లు కొంటుంది, కోతకు యంత్రం వస్తుంది. రైతు దాన్ని ఎంచుకోవడానికి అన్నీ న్యాయమైన కారణాలే. కానీ దాని వేళ్లు ఎక్కువగా పైనున్న అడుగున్నర, రెండడుగుల్లోనే ఉంటాయి. అక్టోబరు మొదట్లో కోసేశాక, నీటి వసతి లేని చేను జూన్ దాకా బోడిగా ఉంటుంది. పాత పద్ధతిలో అదే చేనులో జొన్న, మినుము, వాటి సాళ్ల మధ్య కంది ఉండేవి. ఒకటి సెప్టెంబరుకు, ఒకటి డిసెంబరుకు, ఇంకొకటి జనవరికి పోయేది. ఒక్కో పంట వేరు ఒక్కో లోతు నుంచి తాగేది. గట్ల మీద తుమ్మ, వేప, కానుగ, మోదుగ ఉండేవి. నేల ఏడెనిమిది నెలలు ఏదో ఒక ఆకు కింద ఉండేది.

ఉపగ్రహం నుంచి చూస్తే మాత్రం భారతదేశం పచ్చబడుతోంది. 2000–2017 మధ్య లెక్కలతో 2019లో వచ్చిన నాసా అధ్యయనం చైనా, భారత్‌లు ప్రపంచ పచ్చదనంలో ముందున్నాయంది. మన దేశపు పెరుగుదలలో 82 శాతం పంట పొలాలది, అడవులది నాలుగు శాతం పైచిలుకు మాత్రమే. ఆ పచ్చదనంలో పెద్ద భాగం బోరు తోడి తెచ్చినది. నాందేడ్, లాతూర్‌లలో చెరకు తోట వేసవిలో చల్లగా కనబడుతుంది, చుట్టూ గాలికి తేమ కూడా ఇస్తుంది. కానీ ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల దాకా తాగే పంట అది. అందులో సగానికి మించిన వాటా రాతి పగుళ్లలోని ఆ రెండు మూడు పాళ్ల నిల్వ నుంచో, కాలువ నుంచో రావాలి. 2016లో రైల్లో నీళ్లు తెచ్చుకున్న జిల్లా చెరకు జిల్లా కూడా కావడం కాకతాళీయం కాదు.

చెట్లు నాటడం మీద ప్రభుత్వాలకు శ్రద్ధ ఉంది. తెలంగాణ 2015లో హరితహారం మొదలుపెట్టింది, మహారాష్ట్ర 2019లో ఒక్క ఏడాదికే 33 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. సంఖ్య ఘనమే. అయితే అర్ధశుష్క నేలలో చెట్టు కూడా నీళ్లు తాగేదే. దట్టంగా నాటితే వాగులో ఊట తగ్గుతుంది. అసలు చెట్లే లేకపోతే నేల గట్టిపడి వాన ఇంకదు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో చేసిన పరిశీలనలతో 2016లో వచ్చిన ఒక అధ్యయనం, పలచగా, ఎడంగా ఉన్న చెట్ల కిందే భూగర్భంలోకి ఎక్కువ నీరు దిగుతోందని తేల్చింది. మన గట్ల మీది చెట్ల పద్ధతి దీనికి చాలా దగ్గర. పైగా వేప, కానుగ, రావి నడివేసవిలోనే చిగురిస్తాయి, లోతు తేమను తోడి చేనులో ఏ ఆకూ లేని ఏప్రిల్‌లో నీడ ఇస్తాయి. టేకు ఆ నెలల్లో మోడై ఉంటుంది. ఎన్ని మొక్కలు అన్నదానికి ముందు, ఏ చెట్టు, ఎంత ఎడంగా, ఏ నెలల్లో ఆకుతో ఉంటుంది అని అడగాలి.

మట్టి బోడిగా ఉంటే నష్టం సరిహద్దు దాటి కూడా వెళుతుంది. 112 టీఎంసీలతో కట్టిన శ్రీరాంసాగర్ జలాశయం పూడిక చేరి ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరకు వచ్చింది. ఆ పూడికలో మంజీరా, గోదావరి ఎగువ పొలాల పైమట్టి ఉంది. తెలంగాణలో మిషన్ కాకతీయ, మహారాష్ట్రలో 2017లో వచ్చిన పూడికతీత పథకం చెరువుల మట్టిని తిరిగి పొలాలకు చేర్చే ప్రయత్నం చేశాయి. రెండు ప్రభుత్వాలు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. ఎర్రనేలల్లోనూ, మట్టి కోసుకుపోయి రాయి తేలిన చెలకల్లోనూ పూడిక మట్టి వేస్తే నేల పట్టే తేమ పెరుగుతుంది. పంట ఇంకో పది పదిహేను రోజులు బతుకుతుంది.

లోతైన రేగడికి ఏమి చేయాలో కూడా తెలియనిదేమీ కాదు. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మంజీరా పరీవాహక ప్రాంతంలోనే, ఇలాంటి నల్లమట్టి మీదే 1976 నుంచి ఒక ప్రయోగం నడిపింది. వానాకాలం నేలను ఖాళీగా ఉంచి యాసంగిలో మాత్రమే పంట వేసే పద్ధతి ఒక వైపు. వెడల్పాటి మడులు, నీరు మెల్లగా జారే కాలువలు, తొలకరికి ముందే పొడిలో విత్తడం, కందిని అంతరపంటగా వేయడం ఇంకోవైపు. రెండోదాంట్లో హెక్టారుకు సగటున ఐదు టన్నుల దాకా గింజ వచ్చింది, మొదటిదాంట్లో టన్ను పైచిలుకు. పారిపోయిన నీరు బాగా తగ్గింది, కోసుకుపోయిన మట్టి నాలుగో వంతుకు పడిపోయింది. అదే వాన, అదే మట్టి.

ఇది మన ఊళ్లలో ఎందుకు పాకలేదని అడిగితే రైతులు చెప్పే మొదటి కారణం విత్తనమో ధరో కాదు, పశువులు. సోయా కోతలు అయిపోగానే ఊరి పశువులను చేన్లలోకి వదిలేస్తారు. అందరూ కోసేసిన చోట ఒక్కడి కంది జనవరి దాకా నిలవదు. దానికి తోడు అడవిపందులు, గుంపులుగా వచ్చే జింకలు. ఒంటరి చేనుకు కంచె కట్టే ఖర్చు ఆ కంది రాబడిని తినేస్తుంది. ఊరంతా కలిసి ఒక వైపు పొలాలన్నిటిలో కంది అంతరపంటగా వేసి, సంక్రాంతి దాకా పశువులను ఇంకో వైపు మేపుకుంటామని దసరాకు ముందే గ్రామసభలో కట్టుబాటు చేసుకుంటే తప్ప ఇది కుదరదు. మంజీరా ఒడ్డు ఊళ్లలో చెరువు నీళ్ల వంతులకు, జాతరలకు ఇలాంటి కట్టుబాట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. మేతకు కూడా ఒకటి రావాలి. పంచాయతీలు ముందుగా ఒక్క శివారుతో మొదలుపెట్టి, అక్టోబరు నుంచి జనవరి వరకు ఆ శివారు పొలాల్లో ఎన్ని పచ్చగా ఉన్నాయో, బావుల్లో నీటిమట్టం ఎంత ఉందో నెలనెలా రాసి పెట్టుకోవాలి.